ఊళ్లో ఉన్న అమ్మానాయినల పైసలు దొంగల పాలు కాకుండా ఎలా చూసుకోవాలి

మా నాయినమ్మ వేళ్లు వంకర తిరిగి ఉండేవి. మర్రిగూడ వైపు ఊళ్లలో ఆ తరం వాళ్లు చాలామంది ఫ్లోరైడు నీళ్లు తాగి అట్లా అయినవాళ్లే. దానికి తోడు జీవితమంతా కూలి పని చేసి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. డబ్బు తీసుకోవడానికి పోయిన ప్రతిసారీ "పడలే అవ్వా, ఇంకోసారి పెట్టు" అనిపించుకోవడం ఆమెకు అలవాటే. ఒకసారి రెండు వేల కోసం పోయి వేలిముద్ర మిషన్ మీద మూడుసార్లు వేలు పెట్టింది. చేతికి వచ్చింది రెండు వేలే. నాలుగు నెలల తర్వాత నేను పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే, అదే తేదీన రెండు వేలు మూడుసార్లు తీసినట్టు ఉంది. అడిగితే ఆమె అన్నది: "నాకు గప్పుడే అనుమానమొచ్చింది బిడ్డా. చెప్తే మీరు తిడతరని చెప్పలే."

పోయిన నాలుగు వేల కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇప్పుడు ముసలోళ్లు ఒంటరిగా ఉంటున్న ఇళ్లు ఎన్నో. పిల్లలు హైదరాబాదులోనో, పుణేలోనో, భివండీలోనో ఉంటారు. ఇంట్లో ఒక ఫోను, ఒక ఆధార్ కార్డు, ఒక పాస్‌బుక్కు. ఈ మూడింటినీ కాపాడే పని దూరాన ఉన్న మనదే. పండుగకు ఊరికి పోయినప్పుడు రెండు రోజులు కేటాయిస్తే చాలావరకు అయిపోతుంది.

మొదటి పని: తిట్టమని మాట ఇవ్వండి

బ్యాంకు, సెట్టింగులు తర్వాత. అందరూ తిని తీరిగ్గా కూర్చున్నప్పుడు, కోడళ్లు, మనవలు వినేట్టు ఈ మాట చెప్పండి: "అమ్మా, పైసలు పోయినా, ఎవరికన్నా నంబరు చెప్పినా, గా గంటలనే నాకు ఫోన్ చెయ్యి. నిన్ను ఒక్క మాట అనం." తర్వాత ఆ మాట మీద నిలబడాలి. పోయిన డబ్బు ఆపగలిగేది మొదటి గంటల్లోనే. దొంగ దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి నాలుగు ఖాతాలకు పంచి, ఏటీఎంలో తీసేస్తాడు. మన తిట్లకు భయపడి వాళ్లు రెండు రోజులు దాచిపెడితే ఇక చేయగలిగేది తక్కువ.

జాగ్రత్తలన్నీ వరసగా చదివి వినిపిస్తే వాళ్లకు ఎక్కవు. వాళ్లకు తెలిసిన లోకంలోంచి చెప్పండి. నాయిన పశువుల సంతలు చూసినవాడు. తువ్వాల కింద చేతులు పట్టి బేరమాడే దళారి, "అగో, ఇంకొకడు వస్తుండు, ఇప్పుడే చెప్పు" అని ఎట్లా తొందరపెడతాడో ఆయనకు మనకంటే బాగా తెలుసు. ఫోన్లో దొంగ పెట్టేది కూడా అదే తొందర అని చెప్పండి, పట్టుకుంటాడు.

రెండో పని: బ్యాంకుకు తోడు పోండి

పాస్‌బుక్కు ప్రింటు వేయించి, ఆరు నెలల లెక్క వాళ్ల పక్కన కూర్చుని వరసగా చదవండి. "ఇది పింఛను, ఇది రైతు భరోసా, ఇది నువ్వు ఎరువులకు తీసింది" అంటూ పోతే, లెక్కకు రానిది ఉంటే అక్కడే దొరుకుతుంది.

తర్వాత ఆ ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో అడగండి. ఇక్కడ చాలా ఇళ్లలో పెద్ద తప్పు బయటపడుతుంది. ఖాతా తెరిచిన రోజు పక్కింటాయన నంబరో, భివండీలో ఉన్న కొడుకు పాత నంబరో ఇచ్చి ఉంటారు. ఆ సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఆగిపోయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అంటే మీ అమ్మ ఖాతా ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోనుకు పోతుందన్నమాట. ఆ నంబరును ఆ రోజే మార్పించండి, ఆధార్‌కు ఉన్న నంబరు కూడా. నా అభిప్రాయంలో నంబరు వాళ్లదే ఉండాలి, చిన్న బటన్ల ఫోనైనా సరే. బ్యాంకు ఈమెయిలు అడిగినప్పుడు మాత్రం మీది ఇవ్వండి, లావాదేవీల సమాచారం మీకూ వస్తుంది.

ఇంకొకటి, డబ్బు అంతా ఒకే ఖాతాలో ఉంచకండి. పింఛను పడే ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా ఉంటే చాలు. పత్తి అమ్మిన డబ్బో, రిటైరైన సారుకు వచ్చిన గ్రాట్యుటీయో వేరే ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు వద్దు, యూపీఐ వద్దు, ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే సౌకర్యం వద్దు అని మేనేజరుకు రాసివ్వండి. తలుపులు తక్కువున్న గదికి కాపలా సులువు. ఏటీఎం కార్డు వెనక పిన్ను రాసి ఉందేమో కూడా చూడండి. ఉంటే పిన్ను మార్పించండి, గీకేస్తే సరిపోదు.

మూడో పని: వేలిముద్ర దగ్గర జాగ్రత్త

ఫోన్లో మోసాల గురించి అందరూ మాట్లాడతారు. మన ఊళ్లలో స్మార్టు ఫోను లేని ముసలామె డబ్బు పోయేది మాత్రం ఎక్కువగా వేలు దగ్గరే. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, పిన్ను, ఓటీపీ ఏమీ లేకుండానే ఖాతాలోంచి డబ్బు వస్తుంది. ఒక్కసారికి పది వేల దాకా తీయవచ్చు. బ్యాంకు దూరంగా ఉన్న ఊళ్లకు ఈ పద్ధతి మేలే చేసింది. ఊళ్లో మిషన్ పెట్టుకుని కూర్చునే పిల్లల్లో చాలామంది నిజాయితీపరులు, వాళ్లు లేకపోతే అవ్వ రెండు బస్సులు మారి టౌనుకు పోవాల్సి వచ్చేది. అయినా నాలుగు అలవాట్లు తప్పకుండా నేర్పించండి.

వేలు పెట్టే ముందే "రెండు వేలు" అని గట్టిగా చెప్పాలి, పక్కవాళ్లు వినేట్టు. బ్యాలెన్సు చూడటానికి పెట్టే వేలుకూ, డబ్బు తీయడానికి పెట్టే వేలుకూ బయటికి తేడా కనిపించదు, అందుకే మిషన్ తెర మీద ఏముందో అడిగి తెలుసుకోవాలి. "పడలే" అంటే ఆ పడనిదానికి కూడా రశీదు అడగాలి. రశీదు చేతికి రాకుండా రెండోసారి వేలు పెట్టొద్దు. మా నాయినమ్మ విషయంలో ఈ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఇంటికొచ్చాక ఆ రశీదులను గోడకు తీగ వేలాడదీసి గుచ్చి పెట్టాలి, కరెంటు బిల్లులు గుచ్చినట్టే. చదువు రాకపోయినా ఇది చేయగలరు. మీరు వచ్చినప్పుడు పాస్‌బుక్కుతో సరిచూస్తారు.

ఇంటి ముందుకు మిషన్ పట్టుకొచ్చి "ఇందిరమ్మ ఇల్లు సర్వే", "గ్యాసు సబ్సిడీ", "ఫ్రీ సిమ్ము" అని వేలు పెట్టమనేవాళ్లను ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోదాం రమ్మనాలి. నిజమైన మనిషైతే వస్తాడు.

దొంగ చేతికి వేలిముద్ర రావడానికి అసలు మనిషి కూడా అవసరం లేదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ములు అమ్మే ఒకతను భూమి రిజిస్ట్రేషన్ కాయితాల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు తయారు చేసి, వాళ్ల పేర్ల మీద సిమ్ములు తెరిచి పోలీసులకు దొరికాడు. అందుకే వేలిముద్రకు తాళం వేసుకునే వీలుంది. ఆధార్ యాప్‌లోకి, లేదా ఆధార్ వెబ్‌సైటులోకి వాళ్ల నంబరుకు వచ్చే ఓటీపీతో వెళ్లి "బయోమెట్రిక్ లాక్" నొక్కండి. ఆ తర్వాత ఎవరూ ఆ వేలితో గానీ, ముఖంతో గానీ ఆధార్ ద్వారా ఏ పనీ చేయలేరు, వాళ్లతో సహా. పింఛను తీసుకునే రోజు మళ్లీ అదే చోట తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాలు తెరుచుకుని ఉంటుంది.

ఇందులో ఇబ్బంది ఉంది, దాచను. నెలకోసారి పింఛనుకు, రేషన్ బియ్యానికి వేలు పెట్టాల్సిన అవ్వకు ప్రతిసారీ తాళం తీసిపెట్టే మనిషి కావాలి. మీరు ఫోనులో అందుబాటులో ఉండి, ఆ ఓటీపీ మీకు చెప్పగలిగేవాళ్లు పక్కన ఉంటే లాక్ పెట్టండి. లేకపోతే లాక్ పెట్టి పింఛను ఆపుకోవడం కంటే, పైన చెప్పినట్టు ఆ ఖాతాలో తక్కువ డబ్బు ఉంచడమే మేలు. రేషన్‌కు కార్డులో ఉన్న ఇంకొకరు వేలు పెట్టవచ్చు. ఇంకా, ఆధార్ వెబ్‌సైటులో గత ఆరు నెలల్లో ఆ నంబరును ఎక్కడెక్కడ వాడారో చూపిస్తుంది. మూడు నెలలకోసారి చూడండి.

ఆధార్ జిరాక్సు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే "మాస్క్‌డ్ ఆధార్" ఇవ్వండి. పూర్తిది అడిగితే ఫలానా పనికి మాత్రమే అని, తేదీ వేసి, కాపీ మీద అడ్డంగా రాయండి. జిరాక్సు షాపులో పాడైన కాపీలు అక్కడే పడేసి రాకుండా ఇంటికి తెచ్చుకోమనండి.

నాలుగో పని: ఫోన్ వస్తే ఏం చేయాలో ఒకసారి ఆడి చూపించండి

మీరే దొంగలా ఇంకో నంబరు నుంచి ఫోన్ చేయండి. ముందే చెప్పి చేయండి, భయపెట్టకండి. రెండు మూడుసార్లు ఆడితే వాళ్ల నోటికి జవాబు వస్తుంది. మన దగ్గర ఎక్కువగా వచ్చే ఫోన్లు మూడు రకాలు.

ఒకటి, పైసలు ఆగాయనే ఫోను. "రైతు భరోసా పడలేదు, పీఎం కిసాన్ ఈకేవైసీ అయిపోవాలి, వాట్సాప్‌లో పంపిన ఫైలు నొక్కండి." ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కి ఫోనులోకి ఎక్కిస్తే, ఫోనుకు వచ్చే మెసేజులన్నీ దొంగ చదువుతాడు, ఓటీపీలతో సహా. ట్రాఫిక్ చలానా పేరుతోనూ, పెళ్లి పత్రిక పేరుతోనూ, బ్యాంకు పేరుతోనూ ఇవే వస్తుంటాయి. జవాబు: "నేను రైతు వేదికకు పోయి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సారును అడుగుత." పింఛను సంగతైతే పంచాయతీలో అడుగుతానని చెప్పాలి. బ్యాంకు సంగతైతే బ్యాంకుకే పోతా. ఈ పథకాల డబ్బు ఇవ్వడానికి ఎవరూ ఫోన్లో ఫీజు అడగరు.

రెండోది పోలీసు ఫోను. పాలమూరులో ఇది గుండెలకు తగులుతుంది, ఎందుకంటే కొడుకు నిజంగానే ముంబైలో ఉంటాడు. "మీ అబ్బాయి కేసులో దొరికాడు, యాభై వేలు పంపితే వదిలేస్తాం" అని, వెనక ఎవరో ఏడుస్తున్న గొంతు వినిపిస్తారు. నల్లగొండ టౌనులో రిటైరైన సార్లకు ఇదే ఇంకో వేషంలో వస్తుంది: యూనిఫాం వేసుకున్న మనిషి వీడియో కాల్‌లో కనిపించి, మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగింది, మీరు "డిజిటల్ అరెస్టు"లో ఉన్నారు, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటాడు. డిజిటల్ అరెస్టు అనేది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి కూడా ఈ మాటే చెప్పారు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, "సొమ్ము తనిఖీ చేసి తిరిగిస్తాం" అని ఖాతాలో వేయించుకోడు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేసి పక్కింటికి నడిచి పోవాలని చెప్పండి. ఒంటరిగా కూర్చోబెట్టడమే వాడి బలం. గుమ్మం దాటితే సగం విరుగుతుంది.

కొడుకు గొంతుతో ఫోన్ వచ్చే కాలం కూడా ఇది, మిషన్లతో గొంతును నకలు చేస్తున్నారు. అందుకని ఇంటికి ఒక గుర్తు మాట పెట్టుకోండి. చనిపోయిన బర్రె పేరో, చిన్నప్పుడు ఈత నేర్చుకున్న బావి పేరో ఏదైనా సరే. ఫేస్‌బుక్‌లో రాయనిది, ఊరందరికీ తెలియనిది కావాలి. ఆపద అని ఎవరు ఫోన్ చేసినా అమ్మ ఆ మాట అడగాలి. చెప్పకపోతే పెట్టేసి, తనకు తెలిసిన నంబరుకు తనే చేయాలి.

మూడోది "మీకు డబ్బు పంపుతున్నాం" అనే ఫోను. పొరపాటున మీ ఖాతాలో వేశామనో, లాటరీ వచ్చిందనో, పాత మంచం కొంటామనో అంటారు. దీనికి ఒక్క విషయం గుర్తుంటే చాలు: డబ్బు రావడానికి యూపీఐ పిన్ను కొట్టే అవసరమే లేదు. పిన్ను అడిగిందంటే డబ్బు మన దగ్గరి నుంచి పోతున్నట్టు.

బ్యాంకుల నుంచి వచ్చే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పది అంకెల నంబరు నుంచి "బ్యాంకు నుంచి" అంటే నమ్మొద్దు. ఏ నంబరైనా ఓటీపీ అడిగితే మాత్రం అక్కడే ఆపేయాలి.

ఐదో పని: ఫోను సరిచేయండి

ఇది అరగంట పని. ప్లే స్టోర్ బయటి యాప్‌లకు అనుమతి ఉంటే తీసేయండి. వాట్సాప్‌లో ఫైళ్లు వాటంతట అవే దిగడం ఆపండి, తెలియని కాల్స్ మోగకుండా పెట్టండి, గ్రూపుల్లో తెలిసినవాళ్లే చేర్చేట్టు మార్చండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఫోన్ తెరను ఇంకొకరికి చూపించే యాప్‌లుంటే తీసేయండి. యూపీఐ రోజు పరిమితిని రెండు మూడు వేలకు తగ్గించండి. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూడండి, తెలియని నంబరుంటే అక్కడే "నాది కాదు" అని నొక్కవచ్చు. వాళ్ల పేరు మీద ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలియాలంటే సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తెప్పించండి.

ఆరో పని: దగ్గరివాళ్ల గురించి కూడా మాట్లాడండి

ఈ మాట రాయడం కష్టమే, కానీ రాయాలి. మోసం చేసేది ప్రతిసారీ ఎక్కడో దూరాన ఉన్నవాడు కాడు. నూటికి నెలకు ఆరు రూపాయల, పది రూపాయల మిత్తి ఇస్తానని ఊరందరి దగ్గరా వసూలు చేసేవాడు చాలాసార్లు మనకు తెలిసినవాడే, మొదటి రెండు నెలలు మిత్తి సరిగ్గా ఇచ్చేవాడే. ఆ మిత్తి మనం ఇచ్చిన అసలులోంచే వస్తుంది. అనుమతి లేని డిపాజిట్ల పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అమ్మానాయిన కూడబెట్టిన డబ్బు అట్లాంటి చోట పెట్టారేమో మెల్లగా అడగండి.

చదవకుండా ఏ కాయితం మీదా వేలు వేయొద్దని చెప్పండి, అది కొడుకు తెచ్చినా, అల్లుడు తెచ్చినా. భూమి రాసివ్వాలనుకుంటే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించాలి. అట్లా రాసి ఉండి చూసుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ దగ్గర దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఇట్లాంటి సంగతులకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఉచిత న్యాయ సాయానికి 15100.

ఏడో పని: డబ్బు పోయినట్టు తెలిస్తే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాళ్ల తరఫున మీరు హైదరాబాదు నుంచైనా చేయవచ్చు. ఎంత పోయింది, ఏ ఖాతా నుంచి, ఏ సమయానికి, మెసేజులో ఉన్న లావాదేవీ నంబరు ఎంత, ఇవి దగ్గర పెట్టుకోండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. ఇంకొకరు అదే సమయంలో బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, కార్డు ఆపించాలి. మెసేజులు, కాల్ వివరాలు చెరపకండి, ఫొటోలు తీసి పెట్టండి. ఏపీకే ఫైలు నొక్కి ఉంటే ముందు ఫోన్లో నెట్టు ఆపేయండి.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడు చేసిన మోసాన్ని మూడు పని దినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే కొంత పరిమితి వరకే పడుతుంది. వేలిముద్రతో తీసిన డబ్బుకు ఇది ముఖ్యం, ఎందుకంటే అక్కడ మనం ఎవరికీ పిన్ను చెప్పలేదు. తప్పు మనదని నిరూపించాల్సింది బ్యాంకే. ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది మనదే, చేశాక పోయింది బ్యాంకుది. కాబట్టి ఆ పరిస్థితిలో కూడా ఆలస్యం చేయొద్దు. బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, దానికి ఫోన్ నంబరు 14448.

దొంగ ఖాతాలో ఆగిన డబ్బును కోర్టు ద్వారా, చాలాసార్లు లోక్ అదాలత్‌లో, తిరిగి ఇప్పిస్తున్నారు. దానికి సమయం పడుతుంది. ఆ మధ్యలో "మీ డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకో ఫోన్ వస్తుంది. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు దొంగల మధ్య తిరుగుతాయి. అదీ మోసమే.

డబ్బు పోయిన తర్వాత చాలామంది పిల్లలు చేసే పని, ఫోను, పాస్‌బుక్కు లాక్కుని తమ దగ్గర పెట్టుకోవడం. అట్లా చేయకండి. జీవితమంతా సొంతంగా లెక్క చూసుకున్న మనిషి ఆ రోజుతో మూలన కూర్చుంటుంది, ఇంకోసారి ఏం జరిగినా మీకు చెప్పదు. వచ్చే నెల పింఛను రోజు వీలు చేసుకుని ఆమెతో పోండి. ఎంత కావాలో ఆమె చెప్పాలి, వేలు ఆమె పెట్టాలి, రశీదు ఆమె అడగాలి. మీరు పక్కన నిలబడండి.